అందంగా ఆడి ఓడటమా, ఎట్లాగైనా గెలవడమా? గ్రీస్ 2004 మీద మా లొల్లి తెగడం లేదు

నల్లగొండ నంబర్ 6

అన్నలకు, అక్కలకు నమస్తే. సాయంత్రం గ్రౌండ్‌లో ఆడుకుని క్లాక్ టవర్ దగ్గర చాయ్ తాగే మా గ్యాంగ్‌లో ఒక వాదన నడుస్తోంది, ఎంతకీ తెగడం లేదు, అందుకే ఇక్కడ పెడుతున్నా. ఫుట్‌బాల్‌లో వరల్డ్ కప్, యూరో (యూరప్ దేశాల కప్పు), ఆసియా కప్ లాంటి దేశాల టోర్నీల్లో చూడటానికి ఏమాత్రం బాగుండని ఆట ఆడి కప్పు ఎత్తుకుపోయిన జట్టును మెచ్చుకోవాలా వద్దా?

మా వాళ్లలో సగం మందికి 2004 యూరో గెలిచిన గ్రీస్ పేరెత్తితేనే మంట. యూట్యూబ్‌లో ఆ ఫైనల్ చూసి "ఇదేం ఆటరా, ఒక్క కార్నర్, ఒక్క హెడర్, మిగతా టైమంతా గోల్ ముందు గుంపు" అంటారు. నాకు మాత్రం ఆ జట్టంటే ప్రాణం. అంతకు ముందు గ్రీస్ పెద్ద టోర్నీల్లో ఒక్క మ్యాచ్ కూడా గెలవలేదు. 1994 వరల్డ్ కప్‌కు వెళ్లి మూడుకు మూడు ఓడి, 10 గోల్స్ తిని, ఒక్కటి కూడా కొట్టకుండా ఇంటికొచ్చారు. జర్మనీ నుంచి ఒట్టో రేహాగెల్ కోచ్‌గా వచ్చాక 2001లో ఆడిన మొదటి మ్యాచ్‌లోనే ఫిన్లాండ్ చేతిలో 5-1తో ఓడారు. అట్లాంటి జట్టు మూడేళ్లలో పోర్చుగల్‌ను వాళ్ల సొంత గడ్డ మీదే రెండుసార్లు, మొదటి మ్యాచ్‌లో ఒకసారి ఫైనల్‌లో ఒకసారి ఓడించింది. మధ్యలో అప్పటి చాంపియన్ ఫ్రాన్స్‌ను పంపించేసింది. నాకౌట్‌లో ఆడిన మూడు మ్యాచ్‌లూ 1-0, మూడు గోల్సూ తలతో కొట్టినవే.

మా వాళ్లు అదృష్టం అంటారు. క్వాలిఫయింగ్‌లో మొదటి రెండు మ్యాచ్‌లు ఓడి, తర్వాత వరుసగా ఆరు గెలిచి, స్పెయిన్‌ను వెనక్కి నెట్టి గ్రూప్‌లో మొదటి స్థానంలో నిలిచిన జట్టుది అదృష్టం అంటే ఎట్లా ఒప్పుకోవాలి?

ఇంతవరకు నాకు స్పష్టంగానే ఉంది. అసలు చిక్కు ఇక్కడ. గ్రీస్‌ను ఇంతగా ఇష్టపడే నాకు 2024 యూరోలో ఇంగ్లండ్ ఆట చూస్తుంటే ఒళ్లు మండింది. రాత్రి పన్నెండున్నరకు అలారం పెట్టుకుని లేచి చూస్తే స్లొవేనియాతో 0-0. అక్కడ స్టేడియంలో వాళ్ల సొంత అభిమానులే కోచ్ సౌత్‌గేట్ మీదికి కప్పులు విసిరారు. అయినా ఆ జట్టు ఫైనల్ దాకా వెళ్లింది. గ్రీస్ ఆడిందీ భద్రంగా ఆడే ఆటే, ఇంగ్లండ్ ఆడిందీ అదే, మరి ఒకటి నచ్చి ఇంకొకటి ఎందుకు నచ్చలేదు? తేడా ఎక్కడుందో మీకు తోచింది చెప్పండి.

పాలమూరు పదో నంబర్

తమ్మీ, నేను మీ దోస్తుల వైపే, ముందే చెప్తున్నా.

నేను ఫుట్‌బాల్ చూడటం మొదలుపెట్టింది 1982 వరల్డ్ కప్ ఆడిన బ్రెజిల్ పాత వీడియోలతో. జీకో, సోక్రటీస్, ఫాల్కావ్, సెరెజో, ఎడర్. కోచ్ టెలే సంటానా. ఒక్కొక్కరికీ బంతితో ఏం చేయాలో ముందే తెలిసినట్టు ఉంటుంది, మళ్లీ ఎవరూ చెప్పనట్టూ ఉంటుంది. ఆ టోర్నీలో రెండో రౌండ్‌లో బార్సిలోనాలోని సారియా గ్రౌండ్‌లో ఇటలీ మీద వాళ్లకు డ్రా సరిపోతుంది, సెమీస్ వచ్చేస్తుంది. పావ్‌లో రోసీ అయిదో నిమిషంలో కొట్టాడు, సోక్రటీస్ సమం చేశాడు, మళ్లీ రోసీ, మళ్లీ రెండో హాఫ్‌లో ఫాల్కావ్ సమం చేశాడు, 2-2. ఫాల్కావ్ ఆ గోల్ కొట్టి చేతులు చాచి పరుగెత్తిన తీరు చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. తర్వాత 74వ నిమిషంలో రోసీ మూడోది. బ్రెజిల్ ఇంటికి.

నలభై ఏళ్లు దాటింది. సెమీస్ కూడా ఆడని ఆ జట్టు గురించి మనం పాలమూరులో కూర్చుని ఇంకా మాట్లాడుకుంటున్నాం. 1994లో అదే బ్రెజిల్ కప్పు గెలిచింది కదా, ఫైనల్ 120 నిమిషాలు 0-0, చివరికి రొబెర్టో బజ్జో పెనాల్టీ పైకి కొట్టడంతో అయిపోయింది. ఆ జట్టులో రొమారియో, బెబెటో తప్ప ఇంకెవరి గురించైనా ఇంత మురిపెంగా మాట్లాడేవాళ్లు నాకైతే తగల్లేదు.

1954 వరల్డ్ కప్‌లో హంగరీని చూడు. పుష్కాష్, కోచిష్, హిదెగ్‌కుటి. అయిదు మ్యాచ్‌ల్లో 27 గోల్స్. గ్రూప్‌లో పశ్చిమ జర్మనీని 8-3తో చితక్కొట్టి, ఫైనల్‌లో అదే జర్మనీ మీద ఎనిమిది నిమిషాల్లో 2-0 ఆధిక్యంలో ఉండి 3-2తో ఓడిపోయారు. 1974 హాలండ్, క్రైఫ్ జట్టు, ఫైనల్‌లో జర్మనీ వాళ్లు బంతిని ముట్టకముందే పెనాల్టీ సంపాదించి గోల్ కొట్టారు, అయినా 2-1తో ఓడారు. ఈ మూడు జట్లకు కప్పు రాలేదు. కానీ ఆ తర్వాత ఎంతమంది కోచ్‌లు, ఎన్ని క్లబ్‌లు క్రైఫ్ దారిలో నడిచాయో లెక్క పెట్టు. గ్రీస్ దారిలో ఎవరు నడిచారు? ఆట ముందుకు పోయేది అందంగా ఆడినవాళ్ల వల్లే, కప్పు ఎవరికి పోయినా సరే.

కోదాడ లెఫ్ట్‌బ్యాక్

గోల్స్ కోసం ముందు ఆడే నంబర్ టెన్‌లకు ఎప్పుడూ డిఫెన్స్ కనపడదు అన్నా. రేహాగెల్ ఆటలో ఎవరికి ఎవరు కాపలా అనేది పక్కాగా ఉండేది, సెయితారిదిస్ లాంటివాడు ఒక ఆటగాడి వెంట పడితే మ్యాచ్ అయ్యేదాకా వదలడు, వెనక డెలాస్ ఒక్కడు అందరి తప్పులూ సర్దేవాడు. తొంభై నిమిషాలు, ఒక్కోసారి నూట ఇరవై నిమిషాలు, ఒక్క సెకను కూడా మనసు పక్కకు పోకుండా ఆడటం ఎంత కష్టమో వెనక ఆడినవాళ్లకే తెలుసు. ముందు ఆడేవాడు నాలుగు ఛాన్సులు పోగొట్టి అయిదోది కొడితే హీరో. మేం నాలుగు ఆపి అయిదోది వదిలితే ఆ ఒక్కటే టీవీలో పదిసార్లు వేస్తారు.

2022 వరల్డ్ కప్‌లో మొరాకో మ్యాచ్‌లు మళ్లీ చూడండి. స్పెయిన్ వెయ్యికి పైగా పాస్‌లు ఆడింది, గోల్ లేదు. పెనాల్టీల్లో మొరాకో కీపర్ బోనో రెండు ఆపాడు, ఒకటి స్తంభానికి తగిలింది, స్పెయిన్ ఒక్కటి కూడా వేయలేకపోయింది, హకీమీ నెమ్మదిగా మధ్యలోకి లేపి మ్యాచ్ ముగించాడు. తర్వాత పోర్చుగల్ మీద ఎన్-నెసిరి అంత ఎత్తున ఎగిరి హెడర్ కొట్టాడు, ఆ మ్యాచ్‌లో డిఫెండర్ అగెర్డ్ ఆడటం లేదు, కెప్టెన్ సాయిస్ మధ్యలో స్ట్రెచర్ మీద బయటికి పోయాడు, చివర్లో ఒకరికి రెడ్ కార్డు కూడా, అయినా గోల్ ఇవ్వలేదు. సెమీస్ దాకా వాళ్లు తిన్న ఒకే ఒక్క గోల్ వాళ్ల సొంత ఆటగాడి కాలికి తగిలి లోపలికి పోయింది. వరల్డ్ కప్ సెమీస్‌కు వెళ్లిన మొదటి ఆఫ్రికా జట్టు. ఇది అందం కాదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

దేవరకొండ పీఈటీ

పిల్లలకు ఆట నేర్పి రిటైరైన మనిషిని, కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపిక చేసుకుని చదవండి.

ముందు ఒక విషయం. దేశాల టోర్నీల్లో భద్రంగా ఆడే జట్లే ఎందుకు ఎక్కువగా పైకి వస్తాయి? ఇది పిరికితనం ప్రశ్న కాదు, టైము ప్రశ్న. క్లబ్ జట్టు ఏడాదంతా రోజూ కలిసి ప్రాక్టీస్ చేస్తుంది. దేశం జట్టుకు అప్పుడప్పుడు కొన్ని రోజులు దొరుకుతాయి, టోర్నీ ముందు కొన్ని వారాలు, అంతే. ఆ కొద్ది రోజుల్లో నాలుగు లైన్లు ఎంత దూరంలో నిలబడాలి, బంతి ఎడమవైపు పోతే కుడి బ్యాక్ ఎంత లోపలికి రావాలి, కార్నర్‌లో ఎవరు ఎవరిని పట్టుకోవాలి, ఇవన్నీ నేర్పవచ్చు. కానీ చూడకుండానే పాస్ ఇస్తే అవతల మనవాడు అక్కడే ఉండేంత అర్థం చేసుకోవడం ఉందే, అది నెలల తరబడి కలిసి ఆడితే తప్ప రాదు. మొరాకో కోచ్ రెగ్రాగీ ఆ పని చేపట్టింది 2022 ఆగస్టు చివర్లో, వరల్డ్ కప్ మొదలైంది నవంబర్‌లో. అంత తక్కువ టైములో ఏ కోచ్ అయినా ముందుగా డిఫెన్స్ నుంచే మొదలుపెడతాడు.

మరి స్పెయిన్ అంత అందంగా ఎట్లా ఆడిందని అడుగుతారు. 2010 వరల్డ్ కప్ గెలిచిన వాళ్ల జట్టులో షావీ, ఇనియెస్టా, బుస్కెట్స్, పికే, పుయోల్ అందరూ ఒకే క్లబ్బులో రోజూ కలిసి ఆడేవాళ్లు. అంటే ఆ అర్థం చేసుకోవడం వాళ్లకు ముందే తయారుగా దొరికింది. అట్లా దొరికినా కూడా ఏమైంది? మొదటి మ్యాచ్ స్విట్జర్లాండ్ చేతిలో ఓడారు, నాకౌట్ నాలుగు మ్యాచ్‌లూ 1-0, మొత్తం ఏడు మ్యాచ్‌ల్లో కొట్టింది 8 గోల్స్ మాత్రమే, తిన్నవి రెండు. అందరూ అందమైన జట్టు అని చెప్పుకునే చాంపియన్ కూడా అసలు గెలిచింది గోల్ ఇవ్వకపోవడం వల్ల. బంతి తన దగ్గరే పెట్టుకోవడం కూడా వాళ్లకు ఒక డిఫెన్సే.

పదో నంబర్ గారు 1982 గురించి చక్కగా రాశారు, కానీ ఆ మ్యాచ్‌ను ఇంకోసారి చూడాలి. ఇటలీ ఆ రోజు గోడ కట్టి గెలవలేదు. మూడు గోల్స్ కొట్టింది, ఆంటోన్యోని నాలుగోది కూడా వేశాడు, ఆఫ్‌సైడ్ అని ఇవ్వలేదు. బ్రెజిల్ ఓడింది అందంగా ఆడినందుకు కాదు. రెండో గోల్ సెరెజో తమ గోల్ ముందే అడ్డంగా ఇచ్చిన వదులు పాస్‌ను రోసీ లాక్కోవడంతో వచ్చింది, మూడోది కార్నర్ నుంచి వచ్చింది, గోల్ దగ్గర రోసీని ఎవరూ పట్టుకోలేదు. చివర్లో బ్రెజిల్ హెడర్‌ను నలభై ఏళ్ల ఇటలీ కీపర్ డీనో జోఫ్ లైన్ మీద పట్టుకున్నాడు. ఒకవైపు గోల్ ముందు ఏకాగ్రత ఉంది, ఇంకోవైపు లేదు. అదే ఇటలీ మొదటి రౌండ్‌లో మూడు మ్యాచ్‌లూ డ్రా చేసుకుని, ఎక్కువ గోల్స్ కొట్టిన లెక్కలో కామెరూన్‌ను దాటి ముందుకొచ్చింది, అప్పుడు వాళ్లను వాళ్ల దేశం పత్రికలే ఉతికి ఆరేశాయి. ఒకే జట్టు, ఒకే టోర్నీ, ముందు మొరటుగా తర్వాత గొప్పగా. ఏ చాంపియన్‌ను తీసుకున్నా రెండూ ఉంటాయి.

ఇప్పుడు ఆరో నంబర్ తమ్ముడి అసలు ప్రశ్న, గ్రీస్ ఎందుకు నచ్చింది, ఇంగ్లండ్ ఎందుకు నచ్చలేదు. మన దగ్గర నీళ్లు లేని మెట్టలో ఆముదం వేసిన రైతును వరి వేయలేదని ఎవరూ తిట్టరు. సాగర్ కాలువ పక్కన పొలం పెట్టుకుని బీడు ఉంచితే అడుగుతారు. గ్రీస్ దగ్గర ఉన్నది ఎత్తైన మనుషులు, ఓపిక, జగోరాకిస్ లాంటి అలుపెరగని కెప్టెన్. ఆ ఉన్నదాంట్లో చివరి బొట్టు దాకా వాడుకున్నారు. ఇంగ్లండ్ దగ్గర బెల్లింగ్‌హామ్, ఫోడెన్, సాకా, కేన్, పామర్ ఉన్నారు, వాళ్లను పెట్టుకుని కూడా ముందుకు పోవడానికి భయపడ్డారు. మనకు కోపం వచ్చేది డిఫెన్స్ ఆడినందుకు కాదు, చేతనైన ఆట ఆడనందుకు. నేను ఏ జట్టునైనా ఇట్లాగే చూస్తాను, దాని దగ్గర ఏముంది, అందులో ఎంత బయటికి తెచ్చింది.

మన సొంత ఊరి చరిత్ర కూడా చెప్పాలి, ఎందుకంటే ఈ ప్రశ్నకు హైదరాబాద్ దగ్గర మంచి జవాబు ఉంది. సయ్యద్ అబ్దుల్ రహీం, హైదరాబాద్ టీచర్, హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టును, తర్వాత ఇండియాను తయారుచేసిన కోచ్. ఆయన నేర్పింది నేల మీద చిన్న పాస్‌ల ఆట. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం ఆయన జట్టుదే. అందమైన ఆట నేర్పిన ఆ మనిషే 1962 జకార్తా ఏషియన్ గేమ్స్‌లో ఏం చేశాడు? మొదటి మ్యాచ్ దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓడాం. తర్వాత డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. రహీం గారు ఆయన్ను పక్కన కూర్చోబెట్టలేదు, తీసుకెళ్లి ముందు వరసలో ఫార్వర్డ్‌గా ఆడించారు. సెమీస్‌లో జర్నైల్ గోల్ కొట్టాడు, ఫైనల్‌లో అదే కొరియా మీద ఆ కుట్లు పడ్డ తలతోనే హెడర్ కొట్టాడు, పీకే బెనర్జీది ఇంకో గోల్, 2-1, స్వర్ణం. స్టేడియం మొత్తం మనకు వ్యతిరేకంగా అరుస్తుంటే గెలిచారు. అప్పటికే క్యాన్సర్‌తో బాధపడుతున్న రహీం గారు మరుసటి ఏడాది చనిపోయారు. జట్టులో సికింద్రాబాద్ అమ్ముగూడ బలరాం ఉన్నాడు, చునీ గోస్వామి కెప్టెన్, పాస్‌ల ఆట తెలిసిన మహామహులు. అయినా అవసరం వచ్చినప్పుడు బలమైన తల ఉన్న డిఫెండర్‌ను ముందుకు పంపారు. అది మొరటు ఆటా, అందమైన ఆటా అని నన్నడిగితే రెండూ అంటాను.

వనపర్తి అక్క

సార్ చెప్పింది చదివాక నాకు ఒక మాట కలపాలనిపించింది. మీరంతా డిఫెన్స్ ఆడటాన్నీ మోసాన్నీ ఒకే గాట కడుతున్నారు, నా కోపమంతా అక్కడే.

అదే 1982 వరల్డ్ కప్‌లో, స్పెయిన్‌లోని హిహోన్‌లో పశ్చిమ జర్మనీ, ఆస్ట్రియా ఏం చేశాయో గుర్తుచేసుకోండి. జర్మనీ 1-0తో గెలిస్తే రెండు జట్లూ ముందుకు పోతాయి, అల్జీరియా పోతుంది. పదో నిమిషంలో గోల్ పడింది, ఆ తర్వాత మిగిలిన టైమంతా ఇద్దరూ బంతిని అటూ ఇటూ తోసుకున్నారు. అదే జర్మనీని ఓడించిన అల్జీరియా ఏం తప్పు చేసిందని ఇంటికి పోయింది? ఆ గొడవ తర్వాతే గ్రూప్ చివరి మ్యాచ్‌లు ఒకే టైముకు పెడుతున్నారు. 2010 ఫైనల్‌లో హాలండ్ వాళ్లు, క్రైఫ్ దేశం వాళ్లు, ఏం చేశారు? వాళ్ల డి యోంగ్ కాలు స్పెయిన్ ఆటగాడు షాబీ అలోన్సో ఛాతీకి తగిలింది, దానికి రెడ్ కార్డు కూడా రాలేదు. ఇవి మొరటు ఆట కాదు, ఆటకే చేసే ద్రోహం. గ్రీస్ ఇట్లాంటివి చేసి గెలవలేదు. మొరాకో చేయలేదు. ఆ రెండింటినీ ఈ వరసలో కూర్చోబెట్టొద్దు.

ఇంకొకటి, ఆట రూల్స్ కూడా చూడాలి. 1990 వరల్డ్ కప్‌లో 52 మ్యాచ్‌ల్లో 115 గోల్స్ మాత్రమే వచ్చాయి, మ్యాచ్‌కు 2.21, వరల్డ్ కప్‌లన్నిటిలో అతి తక్కువ సగటు. అర్జెంటీనా మొత్తం 5 గోల్స్ కొట్టి ఫైనల్‌కు వచ్చి అక్కడ ఇద్దరిని రెడ్ కార్డులకు పోగొట్టుకుంది. ఐర్లండ్ ఒక్క మ్యాచ్ గెలవకుండా క్వార్టర్స్ చేరింది. ఆధిక్యంలో ఉన్న జట్టు బంతిని వెనక్కి కీపర్‌కు ఇవ్వడం, కీపర్ చేతితో పట్టుకోవడం, మళ్లీ దొర్లించడం, ఇదే తంతు. అందుకే 1992 నుంచి మనవాడు కాలితో కావాలని ఇచ్చిన బంతిని కీపర్ చేతితో పట్టకూడదన్నారు, 1994 వరల్డ్ కప్ నుంచి గెలుపుకు రెండు పాయింట్లు కాదు మూడు ఇచ్చారు. అంటే డిఫెన్స్‌ను ఎవరూ ఆపలేదు, టైము తినడాన్ని ఆపారు. అంతకంటే న్యాయమైన గీత ఏముంటుంది?

నల్లగొండ నంబర్ 6

సార్, చాలా థ్యాంక్స్, నాకు కావాల్సిన జవాబు దొరికింది. రహీం గారి 1962 కథ మా గ్రౌండ్‌లో ఎవరికీ ఇంత వివరంగా తెలియదు, రేపే చెప్తాను.

కానీ సార్ లెక్కను ఇండియాకు పెట్టి చూస్తే నాకు ఇంకో బాధ మొదలైంది. 2019 ఆసియా కప్‌లో మొదటి మ్యాచ్ థాయ్‌లాండ్ మీద మనవాళ్లు ధైర్యంగా ముందుకు పోయి 4-1తో గెలిచారు. ఛెత్రి రెండు కొట్టాడు. ఆసియా కప్‌లో 1964 తర్వాత మనకు అదే మొదటి గెలుపు. యూఏఈ మీద ఓడినా మంచి ఛాన్సులు వచ్చాయి, బంతి బార్‌కు తగిలింది. చివరి మ్యాచ్ బహ్రెయిన్ మీద డ్రా చాలు, నాకౌట్‌కు పోతాం. షార్జాలో ఆ మ్యాచ్ మొత్తం మనవాళ్లు వెనక్కి వెళ్లి కూర్చున్నారు, బంతి దొరికితే దూరంగా కొట్టడమే. 90 నిమిషాలు ఆగారు. 91వ నిమిషంలో పెనాల్టీ, 1-0, టోర్నీ నుంచి బయటికి. మా గ్యాంగ్‌లో ఆ రాత్రి ఎవరికీ మాట రాలేదు. తర్వాత కోచ్ మారాడు, పాస్‌ల ఆట ఆడతామన్నారు, 2024 జనవరిలో జరిగిన ఆసియా కప్‌లో ఆస్ట్రేలియా, ఉజ్బెకిస్తాన్, సిరియా మూడు మ్యాచ్‌లూ ఓడి ఒక్క గోల్ కూడా కొట్టలేదు. అట్లా ఆడినా పోయింది, ఇట్లా ఆడినా పోయింది. మనలాంటి జట్టు ఏ దారిలో పోవాలి?

కోదాడ లెఫ్ట్‌బ్యాక్

బహ్రెయిన్ మ్యాచ్ నేను చాలాసార్లు చూశా తమ్మీ. వెనక్కి కూర్చోవడం తప్పు కాదు, కూర్చుని బంతి దొరికాక ఏం చేయాలో ఎవరికీ తెలియకపోవడం తప్పు. మొరాకోకు బంతి దొరికితే అమ్రాబత్ పట్టుకుంటాడు, ఊనాహీ తీసుకుని పరుగెత్తుతాడు, హకీమీ పక్క నుంచి దూసుకొస్తాడు, ఎదుటివాళ్ల గుండె ఝల్లుమంటుంది, అందుకే వాళ్లు అందరినీ ముందుకు పంపలేరు. గ్రీస్‌కు కార్నర్లు ఉన్నాయి, ప్రతి కార్నర్ ఒక పెనాల్టీ అంత భయం పుట్టించేది. మనవాళ్లు ఆ రోజు దూరంగా కొట్టిన ప్రతి బంతీ అర నిమిషంలో మళ్లీ మన గోల్ ముందుకే వచ్చింది. ఎదుటివాడికి భయం లేకపోతే 90 నిమిషాలు ఆపినా 91వ నిమిషంలో కాళ్లు అలసిపోతాయి. డిఫెన్స్ ఆడే జట్టుకు కూడా దెబ్బ కొట్టే ఒక్క ఆయుధం ఉండాలి, అది కార్నరైనా, ఒక వేగమైన వింగరైనా, లాంగ్ త్రో అయినా సరే. అది తయారుచేసుకోకుండా డిఫెన్స్‌ను తిట్టడం అన్యాయం.

దేవరకొండ పీఈటీ

లెఫ్ట్‌బ్యాక్ చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. ఇండియా ఏ దారిలో పోవాలనే దానికి నా జవాబు ఒకటే, టోర్నీకి దారి వేరు, పిల్లలకు దారి వేరు. పన్నెండేళ్ల పిల్లలకు కప్పు కోసం బంతి దూరంగా కొట్టడం నేర్పితే పదేళ్ల తర్వాత ఆ జట్టుకు బంతి దొరికినా ఏం చేయాలో తెలియదు, షార్జాలో చూసింది అదే. జిల్లా స్కూల్ పోటీల్లో కూడా ఎత్తున్న పిల్లవాణ్ణి ముందు నిలబెట్టి ఎత్తు బంతులు వేయించి కప్పు తెచ్చుకున్న స్కూళ్లు చాలా చూశాను, ఆ పిల్లల్లో తర్వాత ఆటలో మిగిలినవాళ్లు తక్కువ. చిన్నప్పుడు పాస్, బంతి మీద పట్టు. పెద్దయ్యాక దేశం చొక్కా వేసుకుని నాకౌట్ ఆడేటప్పుడు ఏది అవసరమైతే అది. రహీం గారి పిల్లలకు రెండూ వచ్చు కాబట్టే జకార్తాలో రెండోది కూడా పనికొచ్చింది.

పాలమూరు పదో నంబర్

సార్, పిల్లల విషయంలో మీ మాటకు తిరుగులేదు. మొరాకో విషయంలో లెఫ్ట్‌బ్యాక్‌తో కలుస్తాను, వాళ్ల కౌంటర్లు (ఎదురుదాడులు) నిజంగా కళ్లకు పండుగ. గ్రీస్ మీద కూడా కొంత దిగుతాను, ఎందుకంటే చెక్ జట్టుతో సెమీస్ నిన్న రాత్రి మొత్తం పెట్టుకుని చూశాను. నెద్‌వెద్ మొదటి హాఫ్‌లోనే దెబ్బ తగిలి బయటికి పోయాడు, రోసిత్స్కీ షాట్ బార్‌కు తగిలింది, అయినా గ్రీస్ చెదరలేదు, ఎక్స్‌ట్రా టైమ్ మొదటి సగం ముగిసే క్షణంలో డెలాస్ కార్నర్ నుంచి హెడర్ కొట్టాడు, ఎక్స్‌ట్రా టైమ్ మొదటి సగం ముగిసేసరికి ఆధిక్యంలో ఉన్న జట్టే గెలిచినట్టు అనే అప్పటి సిల్వర్ గోల్ రూల్‌తో అక్కడికే మ్యాచ్ అయిపోయింది. ఆ జట్టు నచ్చిందని చెప్పను, కానీ దానికి ఆ కప్పు దక్కాల్సిందే.

2016 యూరో గెలిచిన పోర్చుగల్‌ను మాత్రం నన్ను ఒప్పుకోమనకండి. రొనాల్డో, నాని, పెపే, క్వారెజ్మా ఉన్న జట్టు గ్రూప్‌లో మూడు డ్రాలు, మూడో స్థానంలో నిలిచి ముందుకొచ్చింది, టోర్నీ మొత్తంలో తొంభై నిమిషాల్లో గెలిచింది వేల్స్ మీద ఒక్క మ్యాచ్. సార్ లెక్క ప్రకారమే చూసినా వాళ్ల దగ్గర నీళ్లున్నాయి.

కోదాడ లెఫ్ట్‌బ్యాక్

అన్నా, ఆ ఫైనల్‌లో 25వ నిమిషంలో రొనాల్డో ఏడుస్తూ బయటికి పోయాడు. ఆతిథ్య జట్టు ఫ్రాన్స్, వాళ్ల సొంత స్టేడియం. ఆ తర్వాత నూట ఇరవై నిమిషాల దాకా గోల్ ఇవ్వకుండా, 109వ నిమిషంలో సబ్‌గా వచ్చిన ఎడెర్ దూరం నుంచి కొట్టిన షాట్‌తో గెలిచారు. గ్రూప్‌లో హంగరీతో మూడుసార్లు వెనకబడి మూడుసార్లూ సమం చేసుకుని 3-3 ఆడింది కూడా ఈ జట్టే, భయపడి ఆడే జట్టు అట్లా చేయదు. ఫైనల్‌లో పెపే ఆటను ఒక్కదాన్నే గమనిస్తూ మళ్లీ చూడు, ఆ తర్వాత ఇక్కడికొచ్చి రాయి, నేను ఉంటా.